గుర్రం బలానికి లెక్క కట్టిన జేమ్స్ వాట్



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితాన్ని గురించి రాయవలసిందిగా మన సంఘం మిత్రులు కోరారు. తిరుమల కొండ నీడలో ఉద్యోగం చేసి రిటైరైనవాడిని కనుక, ఏ అన్నమయ్య గురించో, తరిగొండ వెంగమాంబ గురించో రాస్తానని వారు అనుకొని ఉండవచ్చు. ఆ పని చేయగల పండితులు మనలో చాలామంది ఉన్నారు. నేను గ్యారేజీలో గ్రీజు చేతులతో బతికినవాడిని. నా చేతికి తగిన మనిషిని ఎంచుకున్నాను. ఆయన స్కాట్లండు దేశస్థుడు, పనిముట్లు చేసుకొని బతికినవాడు, పోయి 200 ఏళ్లు దాటింది. పేరు జేమ్స్ వాట్.

చిన్నప్పుడు మనమందరం ఆయన కథ చదువుకున్నాం. పొయ్యి మీద కెటిల్ మూత ఎగరడం చూసి ఆవిరి యంత్రం కనిపెట్టాడని మాస్టారు చెప్పేవారు. నిజానికి ఆవిరి ఇంజను ఆయన పుట్టకముందే ఉంది. ఇంగ్లండులో థామస్ న్యూకొమెన్ 1712లోనే గనుల్లో నీళ్లు తోడే ఇంజను నిలబెట్టాడు. వాట్ చేసింది ఆ ఇంజనును బాగుచేయడం. బాగుచేశాక, ఎంత బాగైందో కొలిచి చూపించడం. ఈ రెండో పని విలువ నాకు ఘాట్ రోడ్డు మీద, నా తప్పు వల్లే తెలిసింది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ తప్పు చెప్పుకొని తర్వాత ఆయన జీవితంలోకి వెళతాను. 1990ల చివర్లో నేను పనిచేసే డిపోకు టర్బో ఇంజన్ల బస్సులు వచ్చాయి. వాటిలో ఒక బస్సు కొండ ఎక్కేటప్పుడు లాగడం లేదని ఒక డ్రైవరు లాగ్‌షీటులో పదే పదే రాశాడు. నేను ఆ బస్సును యార్డులో నాలుగు చుట్లు తిప్పి, ఇంజను శబ్దం విని, లోపమేమీ లేదని సంతకం పెట్టాను. ఆ బస్సుకు డీజిలు ఎక్కువ ఖర్చవుతోంది, కె.ఎం.పి.ఎల్. పడిపోతోంది. నా సంతకం చూసిన పైవారు, బండి బాగున్నప్పుడు తప్పు డ్రైవరుదే కదా అని ఆయనకు మెమో ఇచ్చారు. ఒక ఇంక్రిమెంటు ఆగిపోయింది. ఆ తర్వాత ఏమైందో చివర్లో చెబుతాను.

బాల్యం, పని నేర్చుకోవడం

జేమ్స్ వాట్ 1736 జనవరి 19న స్కాట్లండులోని గ్రీనాక్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి ఓడల పని, ఓడ సామాను వ్యాపారం చేసేవాడు. బిడ్డ బలహీనుడు. తలనొప్పి ఆయనను జీవితాంతం వదలలేదు. ఆరోగ్యం బాగాలేక చాలాకాలం బడికి పోకుండా ఇంట్లోనే తల్లి దగ్గర చదువుకున్నాడు. తండ్రి పనిశాలలో కొలిమి, చిన్న చిన్న పనిముట్లు ఇచ్చి ఒక మూల కూర్చోబెడితే, అక్కడే చేతిపని అబ్బింది.

17 ఏళ్లప్పుడు తల్లి పోయింది. తండ్రి వ్యాపారం కూడా దెబ్బతింది. గణితానికి, ఓడలు నడపడానికి వాడే కొలత పరికరాలు తయారుచేయడం నేర్చుకుందామని 1755లో లండను వెళ్లాడు. ఆ పనికి ఏడేళ్ల శిష్యరికం చేయాలని అక్కడి నియమం. అంత డబ్బూ, ఓపికా లేక, ఒక పనివాని దగ్గర 20 గినీలు కట్టి ఒక్క ఏడాదిలో నేర్చుకున్నాడు. ఆ ఏడాదిలో తిండికి కటకటపడ్డాడు, ఆరోగ్యం మరింత చెడింది.

1756లో గ్లాస్గో నగరానికి తిరిగివచ్చి దుకాణం పెట్టబోతే, అక్కడి కమ్మరి పనివారి సంఘం అడ్డుకుంది. ఏడేళ్ల శిష్యరికం చేయనివాడు ఊళ్లో దుకాణం పెట్టరాదన్నది. అప్పుడు గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆదుకుంది. తమ ఆవరణలోనే ఒక గది ఇచ్చి, పరికరాలు బాగుచేసే పని అప్పగించింది. అక్కడే రసాయన శాస్త్రం చెప్పే జోసెఫ్ బ్లాక్ వంటి పండితులు ఆయనకు స్నేహితులయ్యారు. పని చేతికి, చదువు బుర్రకు ఒకేచోట దొరికాయి.

చెడిపోయిన బొమ్మ ఇంజను

1763 చలికాలంలో విశ్వవిద్యాలయం వారు పాఠం చెప్పడానికి వాడే చిన్న న్యూకొమెన్ ఇంజను నమూనాను రిపేరుకు ఇచ్చారు. దాని సిలిండరు వ్యాసం రెండే అంగుళాలు. బాగుచేసి నడిపితే నాలుగు దెబ్బలు కొట్టి ఆగిపోయేది. బాయిలరులో ఉన్న ఆవిరంతా అంతలోనే అయిపోయేది.

మరొకరైతే చిన్న నమూనా అలాగే ఉంటుందని తిరిగి ఇచ్చేసేవారు. వాట్ అలా వదల్లేదు. ఆవిరి ఎంతవుతోంది, ఎక్కడికి పోతోంది అని కొలవడం మొదలుపెట్టాడు. నీరు ఆవిరైతే ఎన్ని రెట్లు పెరుగుతుందో, ఆవిరిని తిరిగి నీరుగా మార్చడానికి ఎంత చన్నీరు కావాలో లెక్క తీశాడు. దానితో అసలు రోగం బయటపడింది. న్యూకొమెన్ ఇంజనులో ముందు సిలిండరు నిండా ఆవిరి నింపుతారు. తర్వాత అదే సిలిండరులో చన్నీళ్లు చల్లితే ఆవిరి నీరై, లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి ఒత్తిడి ముషలకాన్ని, అంటే మనం పిస్టన్ అనేదాన్ని, కిందికి తోస్తుంది. ప్రతి దెబ్బకూ సిలిండరు చల్లబడుతుంది. మళ్లీ దాన్ని వేడెక్కించడానికే ఆవిరిలో ఎక్కువ భాగం ఖర్చైపోతుంది. వేడి పెనం మీద ప్రతి దోసెకూ చెంబుడు నీళ్లు పోసి, మళ్లీ కాల్చినట్టన్నమాట.

1765లో ఒక ఆదివారం గ్లాస్గో మైదానంలో నడుస్తూండగా ఆయనకు ఉపాయం తట్టింది. సిలిండరును ఎప్పుడూ వేడిగానే ఉంచి, ఆవిరిని పక్కన చల్లగా ఉండే వేరే పాత్రలోకి పంపి అక్కడ నీరు చేస్తే సరి. దాన్నే కండెన్సరు అన్నారు. ఆదివారం పని చేయకూడదన్నది వారి ఆచారం కాబట్టి సోమవారం దాకా ఆగి నమూనా చేసి చూశాడు. పని చేసింది.

పదేళ్ల కష్టం

ఉపాయం తట్టడానికి ఒక్క నడక చాలింది. పెద్ద ఇంజను నిలబడడానికి పదేళ్లకు పైగా పట్టింది. గుండ్రంగా, నున్నగా పెద్ద సిలిండరు చేయగల పనివారు దొరకలేదు. పిస్టను పక్కనుంచి ఆవిరి కారిపోయేది. చేతిలో డబ్బు లేదు, అప్పులు పెరిగాయి. జాన్ రోబక్ అనే కార్ఖానాదారు అప్పు తీర్చి, లాభంలో మూడింట రెండు వంతులు తీసుకునేటట్టు భాగస్వామి అయ్యాడు. 1769లో పేటెంటు వచ్చింది. ఇల్లు గడవడానికి వాట్ మాత్రం కాలువలకు సర్వే పని చేస్తూ ఏళ్లకు ఏళ్లు వానలో, చలిలో తిరిగాడు.

1773 ఆయనకు చెడ్డ సంవత్సరం. రోబక్ దివాలా తీశాడు. వాట్ దూరప్రాంతంలో సర్వే చేస్తుండగా, ఇంటి దగ్గర భార్య మార్గరెట్ ప్రసవ సమయంలో చనిపోయింది. తల్లి లేని పిల్లలు చేతిలో మిగిలారు.

ఆ మరుసటి సంవత్సరం బర్మింగ్‌హామ్ వెళ్లాడు. అక్కడ సోహో కార్ఖానా యజమాని మాథ్యూ బౌల్టన్ రోబక్ వాటా తీసుకున్నాడు. వాట్ దిగులు మనిషి, బేరం అంటే భయపడేవాడు. బౌల్టన్ ఉత్సాహవంతుడు, ధైర్యస్తుడు. ఈ జోడు కుదరకపోతే మనం వాట్ పేరు వినేవాళ్లమే కాము. 1775లో పార్లమెంటు పేటెంటు గడువును 1800 దాకా పొడిగించింది. అదే కాలంలో జాన్ విల్కిన్సన్ ఫిరంగి గొట్టాలు తొలిచే యంత్రం తయారుచేశాడు. ఆ పద్ధతిలో తొలిచిన పెద్ద సిలిండర్లో కూడా తేడా ఒక నాణెం మందం మించలేదని చెప్పుకునేవారు. 1776లో మొదటి పెద్ద ఇంజన్లు పనిలోకి దిగాయి. ఆ ఏడే వాట్ ఆన్ మెక్‌గ్రెగర్‌ను రెండో వివాహం చేసుకున్నాడు.

లాభం కొలిచి కూలి తీసుకోవడం

ఇక్కడినుంచి మన ఆర్.టి.సి. మిత్రులు కొంచెం శ్రద్ధగా చదవాలి.

బౌల్టన్, వాట్ ఇంజనుకు ధర చెప్పలేదు. ఇంజను సామాను ఖర్చు గని యజమాని పెట్టుకునేవాడు. పాత ఇంజను కంటే కొత్త ఇంజను ఎంత బొగ్గు ఆదా చేస్తే, ఆ ఆదాలో మూడో వంతు వీరికి ఏటా కట్టాలి. ఆదా లేకపోతే కట్టనక్కరలేదు. వినడానికి ధర్మంగా ఉంది. కానీ ఆదా ఎంతో తేల్చాలంటే మూడు సంగతులు ఖచ్చితంగా తెలియాలి. పాత ఇంజను ఎంత బొగ్గు తినేది? కొత్తది ఎంత తింటోంది? రెండూ చేసిన పని సమానమేనా? పాత ఇంజను పీకేశాక దాని లెక్క ఎవరికి గుర్తుంటుంది?

అందుకని కార్న్‌వాల్ ప్రాంతంలో పోల్డైస్ గనిలో మంచి స్థితిలో ఉన్న పాత రకం ఇంజన్లను ముందుగానే పరీక్షించారు. ఒక బుషెల్ బొగ్గు మండిస్తే ఎన్ని పౌన్ల నీరు ఒక అడుగు ఎత్తుకు లేస్తుందో లెక్క కట్టి, దాన్ని ప్రమాణంగా పెట్టుకున్నారు. ఈ లెక్కకు వారు డ్యూటీ అని పేరు పెట్టారు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు అని మనం డిపోలో గోడకు రాసి పెట్టుకున్న కె.ఎం.పి.ఎల్.కు తాత అదే. ఒక తేడా ఉంది. వారి లెక్కలో ఎత్తిన బరువు, ఎత్తిన ఎత్తు రెండూ ఉన్నాయి. మన కె.ఎం.పి.ఎల్.లో దూరం ఒక్కటే ఉంది. పుత్తూరు రోడ్డు మీద చదునుగా పోయిన కిలోమీటరు, అలిపిరి దాటి కొండెక్కిన కిలోమీటరు ఆ అంకెలో ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఏ రూటు బస్సును ఆ రూటు బస్సుతోనే పోల్చి చూడాలి.

కొత్త ఇంజను ఎన్ని దెబ్బలు కొట్టిందో లెక్కపెట్టడానికి వాట్ ఒక కౌంటరు తయారుచేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టి ఇంజను దూలానికి బిగించాడు. ఎవరూ ముల్లు తిప్పడానికి వీలులేదు. కొత్త ఇంజను నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గు ఆదా చేసింది. అయినా గని యజమానులు కొంతకాలం కట్టి, తర్వాత మొరాయించారు. ఆదా కళ్లముందు ఉన్నంతకాలం అది ఎవరి పుణ్యమో మరిచిపోవడం మనిషి స్వభావం.

గుర్రం లెక్క

గనుల్లో పాత ఇంజనుతో పోల్చవచ్చు. సారాయి బట్టీలవారు, పిండిమరలవారు వచ్చి ఇంజను అడిగితే దేనితో పోల్చాలి? వారి దగ్గర పాత ఇంజను లేదు, గుర్రాలున్నాయి. చక్రానికి గుర్రాన్ని కట్టి గుండ్రంగా తిప్పి మర ఆడించేవారు. మీ ఇంజను ఎన్ని గుర్రాల పెట్టు అని వారి ప్రశ్న.

మన చిత్తూరు జిల్లాలో పుట్టినవారికి ఇది బొమ్మ గీసి చూపించనక్కరలేదు. చెరకు గానుగ చుట్టూ ఎద్దులు తిరగడం, పక్కన పెనంలో బెల్లం పాకం ఉడకడం మనం చూసినదే. వాట్ చూసింది అటువంటి దాన్నే, ఎద్దులకు బదులు గుర్రం. 1782, 1783 సంవత్సరాల్లో ఆయన ఆ లెక్క తేల్చాడు. గుర్రం తిరిగే వలయం వ్యాసం 24 అడుగులు. గంటకు 144 చుట్లు. లాగే బలం 180 పౌన్లు. గుణిస్తే నిమిషానికి 181 అడుగుల నడక, 32,572 అడుగు-పౌన్ల పని వచ్చింది. దాన్ని 33,000కు సరిచేశాడు. అంటే 33,000 పౌన్ల బరువును ఒక నిమిషంలో ఒక అడుగు ఎత్తగలిగితే అది ఒక హార్స్‌పవర్, మన భాషలో ఒక అశ్వశక్తి. మన బోరుబావి మీద ఉన్న 5 హెచ్.పి. మోటారుకు కొలబద్ద ఇదే.

మామూలు గుర్రం రోజంతా ఇంత పని చేయలేదు. వాట్ లెక్కను గుర్రం పక్షాన మొగ్గు చూపి కట్టాడు. దానివల్ల పది గుర్రాల ఇంజను కొన్నవాడికి నిజంగా పది గుర్రాలకు మించిన పనే జరిగేది, తక్కువైందని ఎవరూ రాలేదు. అమ్మేవాడు తన త్రాసును కొనేవాడి వైపు మొగ్గించడం వ్యాపారంలో అరుదు.

ఎత్తిన బరువు, ఎత్తిన ఎత్తు, పట్టిన సమయం. ఈ మూడే హార్స్‌పవర్. కపిల తోలిన రైతుకు ఇది తెలియనిది కాదు. బాన ఎంత పెద్దది, బావి ఎంత లోతు, గంటకు ఎన్ని బానలు అన్నదే ఎద్దుల సత్తా.

ఆ తర్వాత కూడా ఆయన ఊరుకోలేదు. పిస్టను ఎటు కదిలినా పని చేసే ఇంజను, దూలం ఊగుతున్నా కడ్డీని తిన్నగా నడిపే అమరిక, వేగం పెరిగితే తనంతట ఆవిరి తగ్గించే గవర్నరు ఒకదాని వెంట ఒకటి చేశాడు. దూలం అమరికను తన పనులన్నిటిలోకీ గొప్పదిగా భావించేవాడు. 1796లో ఆయన సహాయకుడు జాన్ సదరన్ సిలిండరు లోపలి ఒత్తిడిని పెన్సిలుతో కాగితం మీద గీసే ఇండికేటరును తయారుచేశాడు. పిస్టను ఒక్కసారి వెళ్లివచ్చేసరికి కాగితం మీద ఒక మూసిన గీత పడేది. ఆ గీత లోపలి వైశాల్యమే ఆ దెబ్బకు జరిగిన పని. డాక్టరు ఇ.సి.జి. చూసినట్టు, దాన్ని చూసి ఇంజనుకు ఎక్కడ రోగముందో చెప్పవచ్చు. కార్ఖానావారు ఈ పరికరాన్ని చాలా ఏళ్లు రహస్యంగా దాచుకున్నారు.

మళ్లీ ఘాట్ రోడ్డు మీదికి

ఇప్పుడు నా కథ. ఆ బస్సును ఇంకొక డ్రైవరు తీసుకువెళ్లి, ఆయనా అదే మాట రాశాడు. నేను మళ్లీ శబ్దం విని సంతకం పెట్టబోతుంటే, మా పెద్ద ఫోర్‌మన్ కాగితం లాక్కున్నాడు. చదునులో ఖాళీ బస్సు తిప్పితే గానుగ లేని ఎద్దును నడిపించి చూసినట్టే అన్నది ఆయన ఉద్దేశం. వాట్ సంగతి, 33,000 సంగతి నాకు మొదట చెప్పింది ఆ పెద్దాయనే.

తిరుమలకు మోటారు రోడ్డు 1944లో వచ్చింది. దాని ప్రణాళికలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహా ఉంది. రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చాక దాన్ని ఎక్కడానికి, పాతదాన్ని దిగడానికి వాడుతున్నాం. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు 2,200 అడుగుల చుట్టుపక్కల. ఎవరో మనకోసం కట్టిపెట్టిన కొలబద్దలాంటి రోడ్డు అది.

బస్సులో ఇసుక మూటలు వేసి కాటా పెట్టించాం. మొత్తం 12 టన్నులు, అంటే దాదాపు 26,500 పౌన్లు. టైర్లలో గాలి సరిచూశాం. తెల్లవారుజామున, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, 400 అడుగుల ఎత్తు తేడా ఉన్న రెండు గుర్తుల మధ్య ఎక్కించాం. చేతిలో గడియారం. 9 నిమిషాలు పట్టింది. నల్లటి పొగ వచ్చింది.

దిగివచ్చి టర్బో విప్పాం. టర్బో సంగతి ఇంట్లోవారికోసం రెండు ముక్కలు చెబుతాను. ఇంజను వదిలే పొగ వేగంతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది ఇరుసుకు అవతల ఉన్న ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజనులోకి గాలిని నొక్కి పంపుతుంది. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ మండుతుంది, శక్తి పెరుగుతుంది. ఆ గాలి పోయే రబ్బరు గొట్టం అడుగున, చేతికి తగలనిచోట, పగులు ఉంది. ఖాళీ బస్సు చదునులో పోతున్నప్పుడు ఆ పగులుతో పనిలేదు. కొండ ఎక్కేటప్పుడు, గాలి కావలసిన సమయానికి, గాలి బయటికి పోతోంది. డీజిలు సగం మండి పొగైపోతోంది. డ్రైవరు రాసింది అక్షరాలా నిజం.

గొట్టం మార్చి, మర్నాడు అదే వేళకు, అదే బరువుతో, అదే డ్రైవరుతో, అవే గుర్తుల మధ్య ఎక్కించాం. 7 నిమిషాలు. పెద్దాయన సిగరెట్టు పెట్టె వెనుక లెక్క వేశాడు. 26,500 పౌన్లను 400 అడుగులు ఎత్తితే కోటీ ఆరు లక్షల అడుగు-పౌన్లు. 9 నిమిషాలకు పంచి, 33,000 పెట్టి భాగిస్తే దాదాపు 36 గుర్రాలు. 7 నిమిషాలకు పంచితే దాదాపు 46. పది గుర్రాలు పగులులోంచి పారిపోయాయి.

ఇది బరువును పైకెత్తడానికి పోయిన శక్తి మాత్రమే. టైర్లకు, గేరుబాక్సుకు, గాలికి పోయేది వేరే. ఇంజను మొత్తం శక్తి తెలియాలంటే డైనమోమీటరు మీద పెట్టి బ్రేకు వేసి కొలవాలి. ఫ్రాన్సు దేశస్థుడు ప్రోనీ 1821లో అటువంటి బ్రేకు చేశాడు. బ్రేక్ హార్స్‌పవర్ అనే మాట అక్కడిదే. ఈనాడు మంచు దేశాల్లో కుర్రవాళ్లు మంచు మీద నడిచే స్నోమొబైలుకు టర్బో పెట్టి, ట్యూనింగు చేసి, ఇన్ని గుర్రాలు పెరిగాయని చెప్పేది కూడా డైనమోమీటరు చూసే. అక్కడా నియమం ఇదే. ట్యూనింగుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, అదే యంత్రం మీద, అవే షరతుల్లో కొలవాలి. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, వేడిగాలి పలచగా ఉంటుంది. పొద్దున చలిలో ఒకటి, మధ్యాహ్నం ఎండలో ఒకటి కొలిచి పోలిస్తే, పెరిగింది ఇంజను శక్తో వాతావరణమో తెలియదు. మా పెద్దాయన అదే వేళకు ఎక్కించమన్నది అందుకే.

ఆ రోజే నేను వెనుకటి సంతకం తప్పని రాతపూర్వకంగా ఇచ్చాను. కొన్ని నెలలకు ఆ డ్రైవరు ఇంక్రిమెంటు తిరిగి వచ్చింది. ఆ మధ్యకాలంలో ఇంట్లోవారి ముందు, తోటివారి ముందు ఆయన పడ్డ తలవంపులకు ఎరియర్సు ఎవరూ ఇవ్వలేదు.

వాట్‌లోని లోపాలు

మహనీయుడని చెప్పి లోపాలు దాచడం నాకిష్టం లేదు. వాట్ తన పేటెంటు గోడను చాలా ఎత్తుగా కట్టుకున్నాడు. జొనాథన్ హార్న్‌బ్లోవర్ వంటివారు ఇంకో రకం ఇంజను చేయబోతే కోర్టుకు లాగి, 1799లో గెలిచాడు. పేటెంటు ఉన్నంతకాలం ఇతరులు కొత్తదారి తొక్కడం కష్టమైంది. ఎక్కువ ఒత్తిడి ఆవిరి అంటే ఆయనకు భయం. బాయిలరు పేలి మనుషులు చస్తారని వద్దనేవాడు. తన దగ్గర పనిచేసే విలియం మర్డాక్ ఆవిరితో నడిచే చిన్న బండి నమూనా చేస్తే ప్రోత్సహించలేదు. రైలింజను ఇతరుల చేతుల్లో, ఆయన వద్దన్న ఆ ఎక్కువ ఒత్తిడితోనే నడిచింది. పాతదాన్ని అంత బాగా కొలిచిన మనిషి కొత్తదాన్ని కొలిచి చూడకుండానే కాదన్నాడు. నేను యార్డులో చేసింది కూడా అటువంటిదే కనుక ఆయనను ఎక్కువ అనలేను.

రిటైర్మెంటు

1800లో పేటెంటు గడువు తీరింది. 64 ఏళ్ల వాట్, బౌల్టన్ ఇద్దరూ కార్ఖానాను కొడుకులకు అప్పగించి తప్పుకున్నారు. అప్పటికి వారి ఇంజన్లు దాదాపు 500 పనిలో దిగి ఉన్నాయి.

మన వయసువారికి పనికివచ్చే భాగం ఇది. పనిలో ఉన్నన్నాళ్లూ దిగులుతో, తలనొప్పితో, అప్పుల భయంతో గడిపిన మనిషి, రిటైరైన తర్వాత స్థిమితపడ్డాడు. కానీ సంతోషం ఒక్కటే రాలేదు. రెండో భార్యకు పుట్టిన కూతురు అంతకుముందే పోయింది. తెలివైన కొడుకు గ్రెగరీ 1804లో పోయాడు. పాత స్నేహితుడు బ్లాక్ 1799లోనే పోయాడు. 1809లో బౌల్టన్ పోయాడు. ఒక్కొక్కరే దాటిపోతుంటే మిగిలినవాడికి ఎలా ఉంటుందో మన సంఘం సమావేశాల్లో ఖాళీ కుర్చీలు చూసేవారికి చెప్పనక్కరలేదు.

బర్మింగ్‌హామ్ దగ్గర హీత్‌ఫీల్డ్ అనే తన ఇంట్లో అటకమీది గదిని ఆయన పనిశాల చేసుకున్నాడు. అక్కడ శిల్పాలకు నకలు తీసే యంత్రాలు చేస్తూ కూర్చున్నాడు. ఒక బొమ్మ మీద ముల్లు కదులుతుంటే, ఇంకోవైపు ఉలి అదే రూపం చెక్కుతుంది. దాన్ని అమ్మలేదు, లాభం చూడలేదు. నకలు తీయడం ఆయనకు పాత సరదా. 1780లోనే ఉత్తరాలకు నకలు తీసే ప్రెస్సు ఒకటి చేశాడు. కార్బను కాగితం రాకముందు ఆఫీసు గుమాస్తాల ప్రాణం కాపాడింది అటువంటి ప్రెస్సులే. బారొనెట్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు.

1819 ఆగస్టు 25న, 83వ ఏట, ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. హాండ్స్‌వర్త్ చర్చిలో బౌల్టన్ సమాధి ఉన్నచోటే ఆయననూ సమాధి చేశారు. అటకమీది గదిని చాలాకాలం అలాగే ఉంచి, 1924లో పనిముట్లతో సహా లండన్ సైన్స్ మ్యూజియానికి తరలించారు.

1882లో బ్రిటిష్ శాస్త్రవేత్తల సభలో విలియం సీమెన్స్ శక్తి ప్రమాణానికి వాట్ పేరు పెట్టాలని సూచించాడు. అదే స్థిరపడింది. ఒక హార్స్‌పవరంటే 746 వాట్లు. మన ఇంట్లో బల్బు మీద, కరెంటు బిల్లు మీద ఉన్నది ఆ పనివాడి పేరే.

2022 సెప్టెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. వాటిలో టర్బో లేదు, గొట్టం లేదు, పొగ లేదు. మోటారు శక్తి కిలోవాట్లలో చెబుతున్నారు. గుర్రం పోయింది, దాన్ని కొలిచినవాడి పేరు కొండ ఎక్కుతోంది. అయినా 12 టన్నుల బస్సు 2,200 అడుగులు 40 నిమిషాల్లో ఎక్కాలంటే, బరువు ఎత్తడానికే 44 గుర్రాల పని జరగాలి. డీజిలైనా, కరెంటైనా కొండ ఆ లెక్కలో రాయితీ ఇవ్వదు.

చివరిగా ఒక మాట. నేను చెప్పిన ఆ డ్రైవరు మన సంఘ సభ్యుడే. ఈ సంచిక ఆయన ఇంటికీ వెళుతుంది. ఇంక్రిమెంటు తిరిగి వచ్చిన రోజున ఆయన నాకు టీ ఇప్పించాడు. ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాగితం మీద తప్పు ఒప్పుకున్నాను గానీ ఎదురుగా నిలబడి క్షమించమని అడగలేదు. ఇన్నేళ్లకు ఈ పత్రిక ద్వారా అడుగుతున్నాను. వచ్చే సమావేశంలో టీ నేను ఇప్పిస్తాను.

సెలవు.